రాత్రిళ్ళు సుయ్‌మనే ఫ్లష్ ట్యాంకు: లోపలి సెట్టు మనమే మార్చుకోవడం

మా ఫ్లాట్లో కొన్నాళ్ళు అర్ధరాత్రి బాత్రూంలోంచి సుయ్‌య్‌మని చప్పుడొచ్చేది, పది సెకన్లు వినిపించి ఆగిపోయేది, మళ్ళీ ఇరవై నిమిషాలకి అదే చప్పుడు. చూస్తే లోపల ఎవరూ లేరు, ఎవరూ ఫ్లష్ నొక్కలేదు. మా అత్తయ్య ఊర్నించి వచ్చినప్పుడు "ఎవరే రాత్రంతా బాత్రూంలో" అని మా ఆవిణ్ణి అడిగింది కూడా. దెయ్యమూ కాదు ఏమీ కాదు, ఫ్లష్ ట్యాంకు అడుగున ఉండే రబ్బరు వాషర్ గట్టిపడిపోయి నీళ్ళు కొంచెం కొంచెంగా కమోడ్‌లోకి జారిపోతున్నాయి, మట్టం తగ్గినప్పుడల్లా ట్యాంకు తనంతట తనే నింపుకుంటోంది, అంతే సంగతి. ప్లంబర్‌ని పిలిస్తే మూత కూడా తియ్యకుండానే "సెట్టు మొత్తం మార్చాలి సార్" అని రెండు వేల చిల్లర చెప్పాడు. అప్పుడు పట్టుదలొచ్చి నేనే మొదలుపెట్టా. మొదటిసారి సగం రోజు పట్టింది, ఇప్పుడైతే గంటలో అయిపోతుంది, ఆ సగం రోజులో చేసిన తప్పులన్నీ కూడా ఇక్కడే రాస్తున్నా.

చప్పుడే కదా వదిలేద్దాం అనుకునేవాళ్ళు ఒక్కసారి నీళ్ళ లెక్క చూడండి. నిమిషానికి గ్లాసుడు, అంటే 200 మిల్లీలీటర్లు జారిపోతున్నాయనుకుంటే రోజుకి 288 లీటర్లు, నెలకి 8,640 లీటర్లు. ఎండాకాలంలో 5,000 లీటర్ల ట్యాంకర్ కోసం వాచ్‌మన్ ఫోన్ మీద ఫోన్ కొడుతుంటాడు చూడండి, అలాంటిది ఒకటిన్నర ట్యాంకర్ కంటే ఎక్కువే ఒక్క కమోడ్‌లోంచి డ్రైనేజీలోకి పోతోందన్నమాట. హైదరాబాద్‌లో వాటర్ బోర్డు నెలకి ఇంటికి 20,000 లీటర్లు ఉచితం అంటోంది కదా, అందులో సగానికి దగ్గరగా ఇదే తాగేస్తుంది.

ముందు లోపల ఏముంటుందో చెప్తా, ఇది అర్థమైతే మిగతాదంతా నట్లు బిగించడమే. ట్యాంకులో ఉండేవి రెండే వస్తువులు. ఒకటి నీళ్ళు లోపలికి రానిచ్చేది, దీన్ని షాపులో ఫిల్ వాల్వ్ అంటారు, పాత మేస్త్రీలు ఇప్పటికీ బాల్ కాక్ అనే అంటారు, ఎందుకంటే పూర్వం దానికి కొబ్బరికాయంత గుండు తేలుతూ ఉండేది, ఇప్పుడు ఆ గుండు బదులు చిన్న డబ్బాలాంటి ఫ్లోట్ వస్తోంది. రెండోది మధ్యలో నిలబడి ఉండే ఫ్లష్ వాల్వ్, బటన్ నొక్కితే ఇది పైకి లేచి నీళ్ళు కిందకి వదులుతుంది, మళ్ళీ కూర్చుని మూసేస్తుంది. దీనికే ఒక గొట్టం పైకి ఉంటుంది, ఫిల్ వాల్వ్ ఆగకుండా నీళ్ళు వదిలితే అవి బాత్రూంలోకి పొంగకుండా ఆ గొట్టంలోంచి కమోడ్‌లోకి పోతాయి, అది ఓవర్‌ఫ్లో. ఈ రెండూ కలిపితేనే షాపువాడి భాషలో సెట్టు. బటన్‌లో చిన్న సగం, పెద్ద సగం ఉంటే డ్యూయల్ ఫ్లష్, మామూలుగా మూడు లీటర్లకి ఒకటి, ఆరు లీటర్లకి ఒకటి. ఇది 1980ల్లో ఆస్ట్రేలియాలో ఊపందుకున్న ఐడియా, నీళ్ళ కరువున్న దేశం కాబట్టి గట్టిగా పట్టుకున్నారు వాళ్ళు, మన దగ్గర పెట్టించుకుని కూడా చాలామంది రెండు సగాలూ కలిపి ఒకేసారి నొక్కేస్తారు, అది వేరే సంగతి.

ఇప్పుడు మూత తియ్యాలి, మొదటి గండం ఇక్కడే. పింగాణీ మూత కదా అని రెండు చేతుల్తో పట్టుకుని ఒక్కసారిగా పైకి లాగకండి. కొన్నిటికి బటన్ కింద రెండు ప్లాస్టిక్ పుల్లలు వేలాడుతూ ఉంటాయి, అవి మూతతో పాటే వచ్చేస్తాయి, గొడవ లేదు. కొన్నిటికి బటన్ నించి వాల్వ్‌కి కేబుల్ ఉంటుంది, లాగితే పుటుక్కున తెగుతుంది. కొన్నిటికి బటన్ చుట్టూ ఉన్న రింగుని ఎడమకి తిప్పి ఊడదీస్తేనే మూత వస్తుంది, ఇంకొన్నిటికి ఒక సగం నొక్కి పట్టుకుంటే లోపల స్క్రూ కనబడుతుంది. అందుకని రెండంగుళాలు ఎత్తి, సెల్‌ఫోన్ టార్చి వేసి సందులోంచి చూసి, అప్పుడు తియ్యండి. తీసిన మూతని గోడకి ఆనించి నిలబెట్టొద్దు, జారితే రెండు ముక్కలు, మూత విడిగా దొరకడం కష్టం. మంచం మీదో టవల్ మీదో పడుకోబెట్టండి.

మూత తీశాక వెంటనే షాపుకి పరిగెత్తకండి, పది నిమిషాలు చూడండి. నీళ్ళు ఓవర్‌ఫ్లో గొట్టం అంచు దాకా వచ్చి లోపలికి పడిపోతున్నాయంటే తప్పు ఫిల్ వాల్వ్‌ది, లేదా ఫ్లోట్ మరీ పైకి సెట్ చేసి ఉంది. అలా కాకుండా మట్టం గొట్టం కంటే బాగా కిందే ఉండి కూడా కమోడ్‌లో సన్నగా నీటి పొర కదులుతోందంటే అడుగు వాషర్. అనుమానంగా ఉంటే ట్యాంకుకి నీళ్ళు వదిలే, గోడకి ఉన్న చిన్న కుళాయిని, అంటే యాంగిల్ కాక్‌ని కట్టేసి, ట్యాంకు లోపలి గోడ మీద నీటి మట్టం దగ్గర పెన్సిల్‌తో గీత గీసి, గంటాగి చూడండి, గీత కంటే దిగితే వాషరే. ఇంకో సులువైన పద్ధతుంది, బట్టలకి పెట్టే నీలం నాలుగు చుక్కలు ట్యాంకులో వేసి అరగంట ఎవర్నీ బాత్రూంలోకి వెళ్ళనివ్వకండి, కమోడ్‌లో నీళ్ళు నీలంగా మారితే కారుతున్నట్టే. నీలం లేకపోతే స్వీట్లలో వేసే కేసరి రంగు చిటికెడు చాలు. పసుపు మాత్రం వద్దు, ప్లాస్టిక్‌కి పట్టేస్తే పోదు, చేసి చెప్తున్నా.

వాషరే అని తేలితే సెట్టు మొత్తం మార్చక్కర్లేకపోవచ్చు. కొత్త రకం ఫ్లష్ వాల్వ్‌లు చాలావరకు పట్టుకుని పావు చుట్టు ఎడమకి తిప్పితే అడుగు భాగంలోంచి ఊడి చేతిలోకి వస్తాయి, దాని కిందే రింగులా రబ్బరు ఉంటుంది. మన బోరు నీళ్ళకి దాని మీద తెల్లగా గార పేరుకుపోతుంది, రబ్బరు సాఫీగా కూర్చోదు. వేణ్ణీళ్ళలో నిమ్మ ఉప్పు రెండు చెంచాలు కలిపి అరగంట నానబెట్టి పాత టూత్‌బ్రష్‌తో రుద్దండి, అది కూర్చునే అంచుని కూడా లోపలికి చెయ్యి పెట్టి తుడవండి, గరుకుగా తగిలితే అక్కడా గారే. రబ్బరు నలుపు వేళ్ళకి అంటుతోందంటే దాని పని అయిపోయింది, మార్చాల్సిందే. షాపు మూసేసి ఉంటే ఆ పూటకి వాషర్ తిరగేసి పెట్టండి, కొన్నాళ్ళు లాగుతుంది.

అలాగే ట్యాంకు నిండటానికి పావుగంట పడుతోంది అంటే ఫిల్ వాల్వ్ పాడైందని కాదు, దాని కింద మర ఉన్న గొట్టంలో చిన్న జల్లెడ ఉంటుంది, అందులో ఇసుక ఇరుక్కుంది. ఎంతకీ ఆగట్లేదు అంటే వాల్వ్ తల లోపల సన్నటి రంధ్రం ఉన్న రబ్బరు బిళ్ళ ఉంటుంది, ఆ సూదిమొనంత రంధ్రం పూడితే బిళ్ళ వెనక నీటి ఒత్తిడి రాదు, ఒత్తిడి రాకపోతే వాల్వ్ మూసుకోదు. తల తిప్పి తీసి కడిగితే చాలాసార్లు బాగైపోతుంది. పైన ట్యాంకు కడిగించిన రోజో, మోటార్ రిపేర్ చేయించిన రోజో ఈ సమస్య మొదలైందంటే కచ్చితంగా ఇదే.

సెట్టు మార్చాల్సిందే అని ఎప్పుడంటే, ఓవర్‌ఫ్లో గొట్టం చీలినప్పుడు, ప్లాస్టిక్ పెళుసెక్కి ముట్టుకుంటే విరుగుతున్నప్పుడు, బటన్ నొక్కితే పైకి రానప్పుడు, లేదా ఆ సైజు వాషర్ ఎక్కడా దొరకనప్పుడు. మాది నాలుగోది. మూడు షాపులు తిరిగా.

కొనేటప్పుడు మాత్రం పాత సెట్టు ఊడదీసి సంచిలో వేసుకుని వెళ్ళడమే ఉత్తమం, కాని ఇంట్లో ఒకటే బాత్రూం ఉంటే అది కుదరదు కాబట్టి ఫోటోలు తీసుకోండి, పై నించి ఒకటి, పక్క నించి ఒకటి, ట్యాంకు కింద నట్లవి ఒకటి. టేపుతో ట్యాంకు లోపలి ఎత్తు, మూతలో బటన్ రంధ్రం వెడల్పు కొలిచి రాసుకోండి. షాపులో అడిగే మొదటి ప్రశ్న "ఏ కంపెనీ కమోడ్ సార్" అని, కంపెనీ పేరు కమోడ్ మీదే ఎక్కడో ఉంటుంది, ప్యారీవేర్, హింద్‌వేర్, సెరా, జాగ్వార్ అలా. ట్యాంకు విడిగా కమోడ్ మీద కూర్చుని ఉండే రెండు ముక్కల రకానికి అన్నిటికీ సరిపోయే సెట్లు దొరుకుతాయి, ఎత్తు తగ్గించుకోవచ్చు పెంచుకోవచ్చు. ట్యాంకు, కమోడ్ ఒకే ముక్కగా పోతపోసిన రకమైతే జాగ్రత్త, అందులో కింద చెయ్యి పెట్టి నట్టు తిప్పే చోటే ఉండదు, చాలావాటికి ఆ మోడల్ సెట్టే కావాలి, ఏదో ఒకటి కొనుక్కొచ్చి ప్రయోగాలు చెయ్యొద్దు. సెట్టుతో పాటు ట్యాంకుకీ కమోడ్‌కీ మధ్య ఉండే లావుపాటి రబ్బరు, రెండు బోల్టులు, యాంగిల్ కాక్ నించి ట్యాంకుకి నీళ్ళు తెచ్చే కనెక్షన్ పైపు కూడా కొత్తవి తీసుకోండి. బోల్టులు ఇత్తడివో స్టీలువో అడిగి తీసుకోండి, ఇనపవి రెండేళ్ళకి తుప్పుపట్టి ఊడిరావు.

ఇంట్లో ఉండాల్సిన సామాన్లు పెద్దగా ఏం లేవు, ఒక పానా, పెద్ద నోరు తెరుచుకునే ప్లయర్, స్క్రూడ్రైవర్, బకెట్టు, మగ్గు, స్పాంజి, పాత దుప్పటి. శనివారం పొద్దున మొదలుపెట్టండి, ఆదివారం మొదలుపెట్టి మధ్యలో వాషర్ తక్కువైతే షాపుండదు, ఇంటిల్లిపాదీ పక్క ఫ్లాట్ వాళ్ళని బతిమాలుకోవాలి.

అన్నిటికంటే ముందు యాంగిల్ కాక్ కట్టి చూడండి. ఏళ్ళ తరబడి ముట్టుకోని కాక్ సగం తిరిగి ఆగిపోతుంది, బలం పెడితే గోడలోనే విరుగుతుంది, అప్పుడు ఫ్లష్ సంగతి మర్చిపోయి టైల్స్ సంగతి చూసుకోవాలి. గట్టిగా ఉంటే వదిలేసి, బాత్రూంకో ఫ్లాట్‌కో ఉన్న మెయిన్ వాల్వ్ ఎక్కడుందో కనుక్కుని అది కట్టండి, అపార్ట్‌మెంట్లో అయితే చాలావరకు డాబా మీద ఉంటుంది, వాచ్‌మన్‌కి తెలుసు.

నీళ్ళు కట్టాక ఫ్లష్ నొక్కి ట్యాంకు ఖాళీ చెయ్యండి, అడుగున మిగిలింది స్పాంజితో పిండి తియ్యండి, ఈ స్పాంజి పని బద్ధకిస్తే తర్వాత ట్యాంకు ఎత్తినప్పుడు ఆ నీళ్ళన్నీ మీ కాళ్ళ మీదే. కనెక్షన్ పైపు కింద బకెట్టు పెట్టి ఊడదీయండి. ఇప్పుడు ట్యాంకుని కమోడ్‌కి పట్టి ఉంచిన రెండు బోల్టులు, లోపల తలని స్క్రూడ్రైవర్‌తో పట్టుకుని కింద నట్టు తిప్పాలి. ఇక్కడ చాలామంది తికమకపడతారు, తల కిందకి పెట్టి నట్టుని చూస్తూ తిప్పితే ఎడమకే వదులవుతుంది, పైనించి వంగి చెయ్యి మాత్రమే కిందకి పెడితే దిక్కు తారుమారు అవుతుంది, నేను ఐదు నిమిషాలు బిగిస్తూ కూర్చున్నా లూజ్ చేస్తున్నా అనుకుని. తుప్పుపట్టి రాకపోతే కాస్త నూనె వేసి పావుగంట ఆగండి, అప్పటికీ రాకపోతే ట్యాంకుకీ కమోడ్‌కీ మధ్య సందులో హాక్సా బ్లేడ్ పెట్టి బోల్టునే కోసేయండి, పింగాణీకి గీత పడకుండా గుడ్డ అడ్డం పెట్టండి.

ట్యాంకు నిటారుగా పైకి ఎత్తండి, పక్కకి వంచి లాగొద్దు, బరువు బాగానే ఉంటుంది కాబట్టి నడుం నొప్పి ఉన్నవాళ్ళు ఇంట్లో కుర్రాణ్ణి పిలవండి. దుప్పటి మీద పడుకోబెడితే అడుగున లావుపాటి రబ్బరు, దాని లోపల పెద్ద ప్లాస్టిక్ నట్టు కనబడతాయి. రబ్బరు పీకేసి నట్టు ప్లయర్‌తో తిప్పితే పాత ఫ్లష్ వాల్వ్ వచ్చేస్తుంది. ఫిల్ వాల్వ్‌కీ అంతే, కింద నట్టు, లోపల బాడీని ఒక చేత్తో పట్టుకోండి. రెండు రంధ్రాల చుట్టూ గార, పాత రబ్బరు ముక్కలు లేకుండా శుభ్రంగా తుడవండి, ఇక్కడ ఇసుక రేణువు మిగిలినా అక్కణ్ణుంచే కారుతుంది.

కొత్తది పెట్టేటప్పుడు గుర్తుంచుకోవాల్సింది ఒక్కటే, ఇక్కడ నీళ్ళని ఆపేది రబ్బరు వాషర్, మర కాదు. అందుకే ఈ ప్లాస్టిక్ నట్లకి టెఫ్లాన్ టేప్, అంటే ప్లంబర్లు మర మీద చుట్టే తెల్లటి పల్చటి టేప్, చుట్టక్కర్లేదు, చుడితే నట్టు సరిగ్గా దిగక వంకరగా కూర్చుంటుంది. కనెక్షన్ పైపు కొసల్లో కూడా లోపల వాషర్ ఉంటుంది, దానికీ అక్కర్లేదు. టెఫ్లాన్ కావాల్సింది యాంగిల్ కాక్ గోడలోకి బిగించే చోట మాత్రమే. మన ప్లంబర్లు ప్రతిదానికీ ముప్పై చుట్లు చుడతారు, అలవాటు. ఎంసీల్, సిలికాన్ లాంటివి అసలే పూయకండి, మళ్ళీ ఊడదీయాల్సిన రోజు ఏడుస్తారు.

వాషర్ ట్యాంకు లోపలివైపు ఉండాలి, అంటే వాల్వ్‌కి వాషర్ తొడిగి లోపల్నించి దింపి కింద నట్టు చేత్తో బిగించండి, చెయ్యి ఆగిపోయాక ప్లయర్‌తో పావు నించి అర చుట్టు, ఇక చాలు. మొదటి చుట్లు చేత్తోనే తిప్పండి, మర అడ్డంగా ఎక్కితే చేతికి వెంటనే తెలుస్తుంది, ప్లయర్‌కి తెలియదు. లావుపాటి రబ్బరు నట్టు మీద కూర్చోబెట్టి, ట్యాంకు తెచ్చి కమోడ్ మీద నిటారుగా దింపండి. బోల్టులకి లోపల తల కింద లోహపు వాషర్, దాని కింద రబ్బరు వాషర్, పింగాణీకి తగిలేది ఎప్పుడూ రబ్బరే. కుడి బోల్టు ఒక చుట్టు, ఎడమ బోల్టు ఒక చుట్టు, అలా మార్చి మార్చి బిగించండి, ఒకవైపే బిగించుకుంటూ పోతే టక్‌మని సన్న శబ్దం వస్తుంది, అది ట్యాంకు పగిలిన శబ్దం. ట్యాంకు కదలకుండా ఉంటే చాలు, ఇంకొంచెం అనే ఆశ పనికిరాదు.

కనెక్షన్ పైపు వాల్వ్‌కి తగిలించే ముందు దాని కొస బకెట్లో పెట్టి యాంగిల్ కాక్ ఒకసారి తెరవండి. గోధుమరంగు నీళ్ళు, ఇసుక వస్తాయి, అదంతా కొత్త వాల్వ్ జల్లెడలోకి పోవాల్సింది.

నీళ్ళు వదిలాక సెట్టింగులు. నీటి మట్టం ఓవర్‌ఫ్లో గొట్టం అంచుకి ఒక అంగుళం కింద ఆగాలి, ఫ్లోట్ పక్కనున్న స్క్రూనో క్లిప్పో జరిపితే సరిపోతుంది. ఫ్లోట్ గోడకి గాని మధ్య వాల్వ్‌కి గాని రాసుకోకూడదు, రాసుకుంటే ఒకరోజు ఆగుతుంది ఒకరోజు ఆగదు. ఫిల్ వాల్వ్‌కి సన్న రబ్బరు ట్యూబ్ ఇస్తే దాన్ని ఓవర్‌ఫ్లో గొట్టం అంచుకి క్లిప్పుతో తగిలించండి, లోపలికి అడుగు దాకా తోసేస్తే ట్యాంకు నీళ్ళని అదే లాగేసే ప్రమాదం ఉంది.

ఇప్పుడు నా ఘనకార్యం. అంతా అయిపోయింది, చుక్క కారట్లేదు, కాలర్ ఎగరేసి మూత పెట్టా. మళ్ళీ సుయ్‌య్. మూత తీశా, ఆగిపోయింది. మూత పెట్టా, కారుతోంది. వాషర్ రెండుసార్లు తీసి కడిగా, నట్టు చూశా, చివరికి షాపువాడు నకిలీ సెట్టు అంటగట్టాడేమోనని తిట్టుకున్నా కూడా, పాపం. మా అబ్బాయి వచ్చి "నాన్నా, మూత పెట్టినప్పుడు ఆ పుల్ల నొక్కుకుంటోందేమో" అన్నాడు. అదే. బటన్ కింది పుల్లలు పాత సెట్టు ఎత్తుకి సరిపోయేవి, కొత్తది అరంగుళం ఎత్తు, మూత పెట్టగానే పుల్ల వాల్వ్‌ని నొక్కి పట్టుకుంటోంది. పుల్లలకి మర ఉంటుంది, తిప్పి పొట్టి చేసుకోవాలి, బటన్ నొక్కకుండా ఉన్నప్పుడు పుల్లకీ వాల్వ్‌కీ మధ్య రెండు మూడు మిల్లీమీటర్ల ఖాళీ ఉండాలి. ఖాళీ మరీ ఎక్కువైతే బటన్ మొత్తం దిగినా నీళ్ళు రావు. సెట్టు మార్చాక కూడా కారుతోంది అనేవాళ్ళు ముందు మూత తీసి చూడండి.

గోడకి పైన తగిలించే ప్లాస్టిక్ ట్యాంకుల గురించి రెండు ముక్కలు. వాటిల్లో పాత సైఫన్ రకానికి అడుగు వాషర్ అనేదే ఉండదు, గంటలాంటి దాన్ని లేపితే నీళ్ళు వంపు దాటి దూకుతాయి, కాబట్టి ఊరికే కారుతుంటే బాల్ కాక్‌ని అనుమానించండి. బ్రిటన్‌లో 2001 దాకా ఇళ్ళల్లో ఈ సైఫన్ రకమే పెట్టాలని నిబంధన ఉండేది, దానికి కారణం కూడా ఇదే, కారడానికి వాషర్ లేదు కాబట్టి. అమెరికాలో ఉన్నవాళ్ళకి మాత్రం కథ వేరు, అక్కడ ఎక్కువగా గొలుసుకి వేలాడే రబ్బరు రేకు ఉంటుంది, ఫ్లాపర్ అంటారు, ట్యాంకు దించకుండానే ఐదు నిమిషాల్లో మారిపోతుంది, ప్లంబర్‌ని పిలిస్తే అయ్యే బిల్లు తల్చుకుని చాలామంది సొంతంగానే మార్చుకుంటారు. గోడ లోపల దాచేసిన ట్యాంకులకి బటన్ ప్లేటు ఊడదీసి ఆ కిటికీలోంచే చెయ్యి పెట్టి పార్టులు ఒక్కొక్కటీ బయటికి తియ్యాలి, గోడ పగలగొట్టక్కర్లేదు, అలా చెప్పిన ప్లంబర్‌ని మాత్రం మార్చండి.

ట్యాంకులో వేసే నీలం రంగు బిళ్ళలు కొత్త సెట్టుకి వద్దు, వాటిల్లో క్లోరిన్ ఉండే రకాలు రబ్బరుని తినేస్తాయి.

చివరిగా పాత పేపరు రెండు బోల్టుల కింద, నట్ల కింద పరిచి పదిసార్లు ఫ్లష్ చెయ్యండి, తడి మచ్చ పడిన చోట పావు చుట్టు బిగించండి. ఇంకో కొత్త పేపరు రాత్రంతా ఉంచి పొద్దున్నే చూడండి. మాది పొద్దునకి ఎడమ బోల్టు కింద రూపాయి బిళ్ళంత మచ్చ పడింది, పావు చుట్టుతో పోయింది, పేపరు మాత్రం ఆ రోజుదే పరిచానని మా నాన్నగారు సాయంత్రం దాకా గొణుగుతూనే ఉన్నారు.